వెనుక చక్రములు కదలనన్న వేళ

*పాత కారును తుక్కునకు పంపుదమా, నిలుపుకొందమా యని ఇంటింటను తర్జనభర్జన జరుగుచున్న దినములివి. నాలుగు చక్రములకును శక్తినిచ్చు పాతబండి యొకనాడు వెనుక చక్రములు బిగిసి నిలిచిపోయినచో, గృహస్థుడు తన యింటి ముంగిట తెలిసికొనదగినది ఎంత? నిపుణునికి విడువవలసినది ఎంత?*

విశాఖపట్టణమున సముద్రపుటొడ్డునకు సమీపముననున్న యొక అపార్టుమెంటు సెల్లారులో, శ్రావణమాసపు వాన తెరపియిచ్చిన యొక ఉదయమున, అమెరికాలోని కుమార్తె యింట మూడునెలలు గడిపి ముందునాటి రాత్రియే తిరిగివచ్చిన విశ్రాంతోద్యోగి యొకరు, తన పదునెనిమిదేండ్ల పాత హోండా సీఆర్‌-వీకి కొత్త బ్యాటరీ వేయించి, ఇంజను నడిపించి, గేరు వేసి, మెల్లగా యాక్సిలరేటరు నొక్కెను. బండి ముందునకు సాగలేదు. వెనుకభాగము మాత్రము మావటి ఆజ్ఞకు కూర్చుండబోవు ఏనుగువలె క్రిందికి వంగెను. ఇంకొంచెము నొక్కగా ముందు చక్రములు నున్నని సిమెంటు నేలపై కీచుమని జారెను. వెనుక టైర్లు తిరుగకయే జానెడు దూరము ఈడ్చుకొనివచ్చి, రెండు నల్లని చారలు గీచి, నిలిచిపోయెను.

"హేండ్‌బ్రేకు దింపేరా బాబుగారూ?" అని వాచ్‌మన్ అడిగెను.

"దింపేనయ్యా. చూడు, లైటు కూడా ఆరిపోయింది."

పూట తిరుగునంతలో ఆ బండికి మూడు తీర్పులు వెలువడెను. "ఫోర్ వీల్ డ్రైవ్ కదా అంకుల్, గేర్‌బాక్స్ పోయుంటుంది" అని పై అంతస్తు కుర్రవాడు చెప్పెను. "లాగించుకొచ్చేయండి సార్, విప్పితే గాని చెప్పలేం" అని ఫోనులో మెకానిక్ పలికెను. పాతకార్ల బేరగాడొకడు, ఎవరివలన వినెనో కాని, ఆ మధ్యాహ్నమే వచ్చి తుక్కు వెల చెప్పెను. ఈ మూడింటిలో చక్రమును చేతితో తాకి చెప్పిన తీర్పు ఒక్కటియు లేదు.

వెనుక చక్రములు బిగియుటకు కారణములు పెక్కు. వానిలో కొన్ని వందల రూపాయలతో తీరును. కొన్ని బండి వెలకే ఎసరు పెట్టును. చూచువానికి మాత్రము రెండును ఒక్కలాగుననే కనబడును. వానిని వేరుపరచుటకు వలసినది ప్రశ్నలను ఒక క్రమములో, సమీపమునుండి దూరమునకు, స్వల్పవ్యయమునుండి అధికవ్యయమునకు అడుగుకొనుచు పోవుట. ఆ క్రమము తప్పినందుననే మంచి బండ్లు పెక్కు అకాలమున తుక్కుదుకాణము చేరుచున్నవి.

పదునైదేండ్ల గడప

2021 ఆగస్టు 13వ తేదీన కేంద్రప్రభుత్వము వాహనముల తుక్కు విధానమును ప్రారంభించిన నాటినుండి మధ్యతరగతి యిండ్లలో కారు వయస్సు ఒక చర్చనీయాంశమైనది. సొంతకారు రిజిస్ట్రేషను పదునైదేండ్లతో ముగియును. పిదప బండిని తనిఖీకి నిలిపి, అయిదేసి యేండ్లకు పునరుద్ధరించుకొనవలెను. ఈ గడప దాటిన బండిని ఉంచుకొనువానికి రెండు భయములు: తనిఖీలో నిలుచునా యనునది యొకటి, నిలిచినను నడిమార్గమున మోసగించునా యనునది రెండవది. నాలుగు చక్రముల చోదనముగల బండి విషయమున ఈ రెండవ భయము ఇనుమడించును. ఏలయన అట్టి బండ్లు మనదేశమున కొలదిగా అమ్ముడైనవి, వాని విడిభాగములు తేలికగా దొరకవు, వాని అంతర్భాగములను విప్పి చూచిన చేతులును తక్కువ.

బండి మలుపు తిరుగునపుడు లోపలి చక్రము తక్కువ దూరము, వెలుపలి చక్రము ఎక్కువ దూరము నడచును. ఆ వ్యత్యాసమునకు తావిచ్చు పరికరమే డిఫరెన్షియల్. నాలుగు చక్రములకును శక్తి పంచినపుడు ముందు జతకును వెనుక జతకును నడుమ కూడ అట్టి వెసులుబాటు కావలెను. కొందరు నిర్మాతలు నడుమ మూడవ డిఫరెన్షియల్ నుంచిరి. కొందరు చిక్కని సిలికోను ద్రవములో పలుచని పళ్లెములు తిరుగు విస్కస్ కప్లింగును అమర్చిరి. హోండావారు తమ పాత సీఆర్‌-వీలో వెనుక డిఫరెన్షియల్ చెంత రెండు చిన్న నూనెపంపులను పెట్టిరి. ముందు వెనుక చక్రముల వేగము సమానమైనంతకాలము ఆ పంపుల ఒత్తిడి పరస్పరము చెల్లిపోవును, ముందు చక్రములు జారినచో ఒత్తిడి పెరిగి క్లచ్చు పళ్లెములు బిగిసి వెనుక చక్రములకు శక్తి చేరును. మీ బండి ఈ కుదురులలో దేనికి చెందినదో యెరుగుట నిర్ధారణకు తొలిమెట్టు.

---

మైలురాళ్లు

1966: ఇంగ్లండున జెన్సన్ ఎఫ్‌ఎఫ్. దారికార్లలో నాలుగు చక్రముల చోదనమును, చక్రము బిగియకుండ కాపాడు యాంత్రిక బ్రేకు సాధనమును తొలుత ఒక్కచోట చేర్చిన బండి.

1972: జపానున సుబారు లియోన్ ఎస్టేటు వ్యాను. మంచుకొండలలో తిరుగు సిబ్బందికి సుఖమైన వాహనము కావలెనని తొహొకు ప్రాంతపు విద్యుత్సంస్థ కోరగా మొదలైన ప్రయత్నమునకు ఫలము. ఈ లియోన్ బండ్లలో హ్యాండ్‌బ్రేకు ముందు చక్రములను పట్టును. కావున వానిలో వెనుక చక్రములు బిగిసినచో ఆ నేరము హ్యాండ్‌బ్రేకుది కానేరదు.

1980: జెనీవా ప్రదర్శనలో ఆడి క్వాట్రో. నాలుగు చక్రముల చోదనమునకు ర్యాలీ పందెములలో గౌరవము తెచ్చినది.

2007: మనదేశమున మారుతీ గ్రాండ్ విటారా. నడుమ డిఫరెన్షియల్‌తో నాలుగు చక్రములకును నిత్యము శక్తి.

---

మొదటి ప్రశ్న: బిగిసినదెపుడు?

పనిముట్ల పెట్టె తెరువకముందే, వైద్యుడు రోగిని ఎన్నాళ్లనుండి యని యడుగునట్లు, బండి పూర్వచరిత్ర నడుగవలెను. వానలో తడిసియో, కడిగిన వెంటనేయో హ్యాండ్‌బ్రేకు వేసి దినములతరబడి నిలిపిన బండి కదలకున్నచో, బ్రేకు లైనింగు డ్రమ్మునకు తుప్పుతో అతుకుకొనియుండుట మిక్కిలి సంభావ్యము. సముద్రపుగాలి వీచు ఊళ్లలో ఇది మరింత సామాన్యము. పోవుచు పోవుచు బండి బరువెక్కి, వెనుకనుండి కాలిన వాసన వచ్చి, ఒక చక్రము తాకరానంత వేడెక్కినచో కాలిపరు పిస్టనో, గొట్టమో, హ్యాండ్‌బ్రేకు కేబులో వదలుటలేదని అర్థము. పెళుక్కుమను శబ్దముతోనో, కొంతకాలము మూలిగి మూలిగియో బిగిసినచో బేరింగును, డిఫరెన్షియల్‌ను శంకింపవలెను. తిన్నగా పోవునపుడు ఏ బాధయు లేక, స్టీరింగు పూర్తిగా త్రిప్పి మలుపు తీయునపుడు మాత్రమే వెనుకనుండి ఎవరో పట్టిలాగినట్లున్నచో, నడుమ కప్లింగు వదలుటలేదు. లేదా నాలుగు టైర్ల చుట్టుకొలతలు సమానముగా లేవు. సీఆర్‌-వీలో ఇట్టి మూలుగు పెక్కుమారులు వెనుక డిఫరెన్షియల్ నూనె పాతబడుటవలననే పుట్టును. హోండా చెప్పిన ప్రత్యేక ద్రవమును మార్చినంతనే అణగిపోవుటయు కద్దు.

విశాఖలోని ఆ బండి చరిత్ర మొదటి తరగతికే చెందినది. అంతేకాదు, ఆ నేలమీది జారుడు గుర్తులు మరియొక సాక్ష్యము చెప్పుచుండెను. ముందు చక్రములు ఇంజను శక్తితో తిరిగి జారినవనగా గేరుబాక్సు తిరుగుచున్నదన్నమాటయే. పై అంతస్తువారి తీర్పునకు ప్రతికూలమైన ఈ సాక్ష్యమును నేల చెప్పుచున్నను, వినినవారు లేకపోయిరి.

రెండవ ప్రశ్న: చేతితో త్రిప్పిన చక్రమేమనును?

వెనుకభాగమును ఎత్తి రెండు స్టాండ్లపై నిలిపి, ఇంజను ఆపి, గేరు న్యూట్రలున నుంచి, హ్యాండ్‌బ్రేకు దింపి, ఒక్కొక్క చక్రమును రెండు చేతులతో త్రిప్పిచూడవలెను. ఆటోమేటిక్ బండిని పార్కింగు స్థానమున మరచి పరీక్షించినచో ఫలితములన్నియు తప్పుదారి పట్టించును. ఈ పరీక్షకు వచ్చు సమాధానములు నాలుగు.

• ఒక చక్రమును త్రిప్పగా రెండవది ఎదురుదిశకు తిరిగినచో వెనుక ఇరుసు, బ్రేకులు నిర్దోషులు. అయినను బండి కదలకున్నచో ప్రొపెల్లర్ షాఫ్టునకు ముందున్న భాగమును చూడవలెను.

• ఒక చక్రము షాఫ్టుతో కలసి తిరుగుచు, రెండవది కదలకున్నచో, దోషము ఆ రెండవ చక్రము చెంతనే కలదు: దాని బ్రేకు, లేదా బేరింగు.

• రెండును రవ్వంతయు కదలకున్నచో, రెండు బ్రేకులును పట్టియుండవలెను, లేదా డిఫరెన్షియల్ లోపల పండ్లచక్రములు బిగిసియుండవలెను.

• ఎత్తినపుడు రెండును హాయిగా తిరిగి, నేలపై మలుపులోనే పట్టినచో, అది నడుమ కప్లింగు వ్యవహారము.

కొన్ని బండ్లలో వెనుక డిఫరెన్షియల్ చక్రము జారుటను అరికట్టు రకమై యుండును. అట్టి వానిలో రెండు చక్రములును ఒకే దిశకు తిరుగుట దోషము కాదు. ఆ సంగతి బండితో వచ్చిన పుస్తకమున చూచి, పిదప తీర్పు చెప్పవలెను.

---

జాకీ వేయుటకు ముందు

• నేల చదునుగా నుండవలెను. ముందు చక్రములు రెండింటికిని ముందువెనుకల అడ్డుచెక్కలు పెట్టవలెను. వెనుక చక్రములు గాలిలో నున్నపుడు వాని హ్యాండ్‌బ్రేకు బండిని ఆపదు.

• జాకీ ఎత్తుటకే కాని నిలుపుటకు కాదు. ఉక్కు స్టాండ్లు లేనిదే బండిక్రింద చేయియైనను పెట్టరాదు. ఇటుకలు బరువునకు పగిలిపోవును.

• వెనుకభాగము మాత్రమే ఎత్తి, ఇంజను నడిపి గేరు వేయరాదు. నేలనున్న ముందు చక్రములు బండిని స్టాండ్లమీదినుండి లాగివేయును.

• పాత బ్రేకు ధూళిలో ఆస్బెస్టాసు ఉండవచ్చును. నోటితో గాని గాలిగొట్టముతో గాని ఊదరాదు, తడిగుడ్డతో తుడువవలెను.

---

మూడవ ప్రశ్న: పట్టినది ఏ బ్రేకు?

రెండు చక్రములును కదలనపుడు, ఖరీదైన అనుమానమును వెనుకకు నెట్టి, చేరువనున్న దానిని ముందుగా విచారింపవలెను. బ్రేకు రెండు మార్గముల పట్టును: పాదముతో నొక్కిన ద్రవపు ఒత్తిడివలన నొకటి, చేతితో లాగిన తీగెవలన నొకటి. ఈ రెంటిని విడదీయు పరీక్ష అతి సులభము. కాలిపరుమీదనున్న బ్లీడ్ నిపుల్‌ను కొలదిగా వదలు చేయవలెను. ద్రవము చిమ్మి చక్రము విడిపోయినచో, ఒత్తిడి లోపల చిక్కుకొనినది. పాత రబ్బరుగొట్టములు బయటికి నవనవలాడుచున్నను లోపల ఉబ్బి, ద్రవమును పోనిచ్చి తిరిగి రానీయని తలుపులగుట కలదు. నిపుల్ వదలినను చక్రము కదలకున్నచో ద్రవము నిర్దోషి. కాలిపరు తుప్పుపట్టెనో, హ్యాండ్‌బ్రేకు పట్టెనో తేల్చవలెను.

ఇచ్చట గుర్తింపదగిన విశేషము మరియొకటి. ముందు చక్రముల చోదనమునుండి వికసించిన బండ్లలో పెక్కింటికి ద్రవమార్గము మూలకు మూలగా విభజింపబడియుండును. ఒక వెనుక చక్రమునకు తోడు దాని యెదుటి మూలనున్న ముందు చక్రము. అట్టి బండిలో రెండు వెనుక చక్రములు మాత్రమే ఒక్కమారుగా బిగిసి, ముందువి స్వేచ్ఛగా నున్నచో, మాస్టరు సిలిండరునకంటె హ్యాండ్‌బ్రేకునే ముందుగా అనుమానించుట న్యాయము.

విశాఖ బండికి నిపుల్ వదలినను ఫలము లేకపోయెను. చక్రముచెంత కేబులు వదులుగానే వ్రేలాడుచుండెను. అనగా తీగె తన పట్టును విడిచినది, లోపలి షూలు విడువలేదు. ఆ తరపు సీఆర్‌-వీకి వెనుకనున్నవి డిస్కులే యైనను, డిస్కు నడిమి గుల్లలో హ్యాండ్‌బ్రేకునకై చిన్న డ్రమ్ము దాగియుండును. ఇది తెలియనివారు కాలిపరును మార్చి మార్చి అలసిపోవుదురు. దగ్గరి షెడ్డునుండి వచ్చిన పెద్దమేస్త్రి, కాలిపరు దించి తీగెతో పైకి కట్టి, రబ్బరు మూతగల రంధ్రముద్వారా స్క్రూడ్రైవరుతో సర్దుబాటు పండ్లచక్రమును వెనుకకు త్రిప్పి, షూలను దగ్గరకు జరిపెను. డిస్కుపైనుండు రెండు మరరంధ్రములలో 8 మిల్లీమీటర్ల బోల్టులను అటొక చుట్టు, ఇటొక చుట్టుగా బిగించుచుండగా, కొంతసేపటికి డిస్కు టప్పుమని ఊడెను. లోపల లైనింగు ఇనుపరేకునుండి పెళ్లగిలి, తుప్పుపొడితో కలసి, డ్రమ్మునకు షూకు నడుమ ఇరుక్కొనియుండెను. రెండవ చక్రమునను అదియే దృశ్యము.

"గేర్‌బాక్సుకేం కాలేదు సార్, లైనింగులు మారిస్తే సరి" అని మేస్త్రి చెప్పెను. తుక్కు వెల చెప్పిన బేరగాడు మరల కనబడలేదు.

తేలికగా అతుకుకొనిన లైనింగు, బండిని ఒకటి రెండుమారులు మృదువుగా ముందువెనుకలకు కదలించినంతనే విడిపోవుట కూడ కలదు. అంతటితో విడువనిచో బలము చూపరాదు. పెళ్లగిలిన లైనింగు మరింత లోతుగా ఇరుక్కొనును.

నాలుగవ ప్రశ్న: షాఫ్టు విప్పినచో?

బ్రేకులు విప్పినను చక్రములు బిగిసియేయున్నచో విచారణ ఇరుసునకు చేరును. ప్రొపెల్లర్ షాఫ్టు వెనుక డిఫరెన్షియల్‌తో కలియుచోట సాధారణముగా నాలుగు బోల్టులుండును. వానిని విప్పుటకుముందు రెండు భాగములపై రంగుతో ఒక గీత గీసి, తిరిగి అదే స్థానమున అమర్చుటకు గుర్తుంచుకొనవలెను. విప్పిన షాఫ్టును వ్రేలాడనీయక తీగెతో కట్టవలెను. ఇపుడు చక్రములు తిరిగినచో దోషము ముందుభాగమునది: గేరుబాక్సు, నడుమ కప్లింగు, లేదా ట్రాన్స్‌ఫర్ కేసు. తిరుగకున్నచో దోషము వెనుక డిఫరెన్షియల్‌దో, చక్రపు బేరింగులదో. ఒక్క కూడలి విప్పుటచే బండి సగము నిర్దోషియగును. ఇంత చవకగా ఇంత విలువైన సమాచార మిచ్చు పరీక్ష మరియొకటి లేదు.

పిదప నూనె సాక్ష్యము. నింపు మూతను ముందుగా విప్పి, అది వచ్చునని తేలినపిదపనే క్రింది మూత విప్పవలెను. నూనె కారిపోయినపిదప నింపు మూత రాకున్నచో బండి ఎటును పోలేదు. క్రింది మూతకు అయస్కాంతమున్నచో దానిపై బూడిదవన్నె మెత్తని ముద్ద ఉండుట సహజము; వ్రేలికి గ్రుచ్చుకొను ఉక్కుతునకలుండుట వినాశసూచకము. నూనె పాలవలె తెల్లబడినచో లోనికి నీరు చేరినది.

ఈ నీటిమాట తెలుగువారికి పరాయిది కాదు. 2020 అక్టోబరులో హైదరాబాదు కాలనీలను ముంచిన వానలలోను, 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేరు వరదలోను, ఎన్నో కార్లు సెల్లారులలోను వీధులలోను మునిగెను. ఇంజనును, సీట్లను, విద్యుత్తీగెలను బాగుచేయించుకొనినవారు, వెనుక డిఫరెన్షియల్ శ్వాసగొట్టముగుండ నీరు లోనికి పోవునని తలచుట అరుదు. ఆ నీరు బేరింగులను తుప్పుతో తినివేయుటకు నెలలు పట్టును. వరదను అందరును మరచిన తరువాత గాని మూలుగు వినబడదు.

---

లాగించుటలో మెలకువ

• నాలుగు చక్రములకు నిత్యము శక్తి చేరు బండిని రెండు చక్రములెత్తి, రెండింటిని నేలపై దొర్లించుచు లాగించరాదు. ముందువెనుక వేగముల వ్యత్యాసముచే కప్లింగు వేడెక్కి పాడగును. బండి మొత్తమును పైకెక్కించు ఫ్లాట్‌బెడ్ లారీనే పిలువవలెను.

• టైర్లు నాలుగును ఒకే పరిమాణము, సమానమైన అరుగుదల కలిగియుండవలెను. సుబారువారు చుట్టుకొలతలో అనుమతించు వ్యత్యాసము పావు అంగుళము మాత్రమే.

• దీర్ఘకాలము నిలుపునపుడు చదునుచోట హ్యాండ్‌బ్రేకు విడిచి, గేరునందో పార్కింగునందో ఉంచి, అడ్డుచెక్కలు పెట్టుట మేలు. కడిగినపిమ్మట కొలదిదూరము నడిపి బ్రేకులను ఆరనిచ్చి నిలుపవలెను.

---

మంచుదేశపు తుప్పు

అమెరికా ఈశాన్యరాష్ట్రములలో చదువునకో, తొలి ఉద్యోగమునకో పోయిన తెలుగు యువకులలో మంచునకు తట్టుకొనునని పాత సుబారును కొనువారు కలరు. అచ్చట మంచు కరుగుటకై రోడ్లపై చల్లు ఉప్పు, మన సముద్రపుగాలి యేండ్లలో చేయు పనిని కొన్ని చలికాలములలో ముగించును. కేబులు తన గొట్టములోనే తుప్పుపట్టి బిగియుట, రాత్రి తడిసిన షూలు తెల్లవారునప్పటికి డ్రమ్మునకు గడ్డకట్టుట అచ్చట సామాన్యము. మెకానిక్ కూలి గంటల లెక్కన నుండు దేశము గనుక, ఇంటి గరాజులోనే విప్పి చూచుకొనువారును పెక్కుమంది. విడిభాగముల దుకాణములు ధరావతు తీసికొని పెద్ద పనిముట్లను అరువిచ్చుటయు కలదు. పాత ఆటోమేటిక్ సుబారులలో వారికొక సులభపరీక్ష చేజిక్కినది: బానెట్టు క్రింద ప్రత్యేక స్థానమున ఒక ఫ్యూజు పెట్టినంతనే వెనుక చక్రములకు శక్తి ఆగును. అటుపిమ్మట మలుపులో పట్టు విడిచినచో, క్లచ్చునకు ఆజ్ఞలు చేర్చు విద్యుద్వ్యవస్థ పనిచేయుచున్నదనియు, క్లచ్చు కూడ వదలగలుగుచున్నదనియు తేలును. విడువనిచో క్లచ్చు పళ్లెములో, వానిని నియంత్రించు సొలెనాయిడో బిగిసినవి.

ఇంటి హద్దు

నిర్ధారణ వేరు, మరమ్మతు వేరు. డిఫరెన్షియల్ లోపలి పండ్లచక్రముల కూర్పు మిల్లీమీటరులో శతాంశముల లెక్క; దానిని ముంగిట విప్పినవాడు మరల అమర్చుటకు నిపుణుని వెదకవలసినదే. బ్రేకు ద్రవమార్గమును ఒకమారు తెరచినపిదప గాలిని పూర్తిగా తీసివేయక, తగిన ద్రవము నింపక, పెడలు గట్టిగా నున్నదని రూఢి చేసికొనక బండిని వీథిలోనికి తేరాదు. పోవుచుండగా బిగిసిన వెనుక చక్రములు మరింత ప్రమాదకరములు. ముందు చక్రములు బిగిసిన బండి తిన్నగా జారును, వెనుకవి బిగిసిన బండి గిరగిర తిరిగిపోవును. కావున ఒకమారు పరుగులో బిగిసి, తనంతట వదలిన బండిని నమ్మి మరల రోడ్డెక్కుట సాహసము కాదు, అవివేకము.

గృహస్థుడు చేసికొనిన పరీక్షలకు ఫలము మరియొక చోట కనబడును. "కారు కదలడం లేదు" అని చెప్పి తాళముచేతులు అప్పగించినవానికి షెడ్డులో వినబడు మాట ఒకటి. "రెండు వెనుక చక్రాలూ బిగిశాయి, నిపుల్ వదిలినా కదల్లేదు, డ్రమ్ములు విప్పినా అంతే, షాఫ్టు తీసినా అంతే, నూనెలో ఉక్కుముక్కలున్నాయి" అని చెప్పినవానికి వినబడు మాట వేరొకటి. ఈ రెండవవానియెదుట గేరుబాక్సు పేరెత్తుట ఎవరికిని సాధ్యము కాదు. బండిని నిలుపుకొనుటయో, వదలుకొనుటయో అటుపిమ్మట అతడు నిర్ణయించుకొనవచ్చును. పాత డిఫరెన్షియల్ వెల, కూలి, బండికి మిగిలిన రిజిస్ట్రేషను కాలము ఒక కాగితముమీద వ్రాసికొనినచో లెక్క తానే తేలును. వదలుకొనుటయే యుక్తమని తేలినను విచారము లేదు. ఆ తీర్పు ఫోనులో వినవచ్చినది కాక, చక్రమును త్రిప్పి చూచి చెప్పినది కావలెను, అంతే కోరదగినది.